టాల్‌స్టాయి చిత్తుప్రతులు

మాస్కో నగరమునకు దక్షిణమున సుమారు 200 కిలోమీటర్ల దూరములో, తూలా పట్టణమునకు చేరువగా, యాస్నయా పొల్యానా అను పల్లె కలదు. భూర్జవృక్షముల వరుసల నడుమ సాగు బాట, ఆ బాట చివర తెల్లసున్నము వేసిన రెండంతస్తుల యిల్లు. రష్యా దేశపు మహారచయిత లియో టాల్‌స్టాయి 1828వ సంవత్సరమున ఈ యెస్టేటునందే జన్మించెను. తన జీవితములో అధికభాగము ఇచ్చటనే గడపెను. 1910లో మరణించిన పిమ్మట ఇచ్చటి వనములోనే, పేరు చెక్కిన రాయియైనను లేని పచ్చికదిబ్బ క్రింద, ఆయన దేహము నుంచిరి.

మన దేశమున టాల్‌స్టాయి పేరు గాంధీమహాత్ముని మూలమున వ్యాపించినది. 1909, 1910 సంవత్సరములలో వారిరువురి నడుమ ఉత్తర ప్రత్యుత్తరములు నడచెను. దక్షిణాఫ్రికాలో 1910వ సంవత్సరమున సత్యాగ్రహుల కుటుంబముల కొఱకు నెలకొల్పిన క్షేత్రమునకు ఆయన పేరే పెట్టిరి. అందుచేత టాల్‌స్టాయి యనగానే తెల్లని పొడవాటి గడ్డము, రైతు చొక్కా, ఋషివంటి చూపు మనకు తలపునకు వచ్చును. కాని ఈ కథలోని టాల్‌స్టాయి వేఱు. ఆయన వయస్సు ముప్పదియైదేండ్లు. క్రొత్తగా పెండ్లియైనవాడు, సెవస్టపోల్ యుద్ధములో ఫిరంగుల నడుమ తిరిగి వచ్చిన మాజీ సైనికుడు, వేట యన్నచో చెవి కోసికొనువాడు. 1863వ సంవత్సరమున ఆయన ఒక నవలకు కలము పట్టెను. అది ముగియునప్పటికి 1869వ సంవత్సరము ముగియుచుండెను. ఆ నవలయే ‘యుద్ధము–శాంతి’.

అయిదు వందలకు మించిన పాత్రలతో, నాలుగు సంపుటములుగా, లోకమునందలి గొప్ప నవలలలో ఒకటిగా నేడు మన కనబడు ఆ గ్రంథము మొదట ఎట్లుండెను? వ్యాసము వ్రాసి తెచ్చినప్పుడు ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో దిద్ది, “మరల వ్రాసి తెమ్ము” అన్నచో మొగము ముడుచుకొను బాలురు ప్రతి తరగతియందు నుందురు. వారికి ఈ వృత్తాంతము కొంత ఊరట నీయవచ్చును. లేదా మరింత భయపెట్టవచ్చును.

ఆశ్చర్యకరమైన మొదటి విషయ మేమనగా, టాల్‌స్టాయి వ్రాయదలచిన నవల ఇది కానే కాదు. 1825వ సంవత్సరము డిసెంబరు మాసమున రష్యాలో కొందఱు సైన్యాధికారులు చక్రవర్తి నిరంకుశత్వముపై తిరుగుబాటు చేసిరి. అది విఫలమయ్యెను. అయిదుగురిని ఉరితీసిరి; పలువురను సైబీరియాకు ప్రవాసమంపిరి. ముప్పది యేండ్ల తరువాత, 1856లో, బ్రతికియున్నవారికి క్షమాభిక్ష లభించెను. అట్టివా డొకడు తల నెరసి, భార్యాపుత్రులతో స్వదేశమునకు మరలివచ్చుటను కథగా వ్రాయవలెనని టాల్‌స్టాయి సంకల్పము. అందులో మూడు అధ్యాయములు వ్రాసెను కూడ. వ్రాయుచుండగా ఆయనకు సందేహము కలిగెను. ఈ ముసలివాడు ఏమి తప్పు చేసి, ఏమి ఆశించి ప్రవాసము పోయెను? అది తెలియవలెనన్న 1825నకు పోవలెను. అప్పటి కతడు సంసారియైన ప్రౌఢుడు. వాని యౌవన మెట్టిదో తెలియవలెనన్న నెపోలియన్ దండెత్తివచ్చిన 1812నకు పోవలెను. 1812లో రష్యా విజయము పొందెను. విజయమును మాత్రమే వ్రాసి, అంతకుముందు నెపోలియన్ చేతిలో తమవారు పొందిన పరాభవమును వ్రాయకుండుట ఆయనకు సిగ్గుచేటుగా తోచెను. కావున 1805నకు పోయెను. ముందునకు నడువవలసిన కథ ఇట్లు అడుగడుగునకు వెనుకకు నడచి, యాబది యేండ్ల దూరమున ఆగెను. ఏ ముసలివాని కొఱకు ఈ ప్రయాణమంతయు జరిగెనో ఆ ముసలివాడు గ్రంథములో కనబడనే లేదు!

కాలము నిర్ణయమైనది గదా, ఇక కథ సాగవచ్చు నందుమా? సాగలేదు. నవలకు ఆరంభము కుదురలేదు. ఒక చిత్తుప్రతికి ‘మూడు కాలములు’ అని పేరు. మరియొక దానికి ‘మాస్కోలో ఒక దినము’ అని పేరు. ఒకటి రాజకీయ పరిస్థితుల వర్ణనతో మొదలగును. ఒకటి పల్లెలోని వృద్ధ ప్రభువు ఇంట మొదలగును. ఇట్టి ఆరంభములు పదునైదు వఱకు నేటికిని నిలిచియున్నవి. కడపట ఆయనకు తృప్తి నిచ్చినది పీటర్స్‌బర్గు నగరములో ఒక ధనికురాలి యింట, 1805 జూలై మాసమున, ఒక సాయంకాలము జరిగిన విందుగోష్ఠి. అతిథులు ఒక్కొక్కరే వత్తురు. నెపోలియన్‌ను గూర్చి మాటలాడుకొందురు. పాఠకుడు గ్రహింపకుండగనే ప్రధాన పాత్రలలో ఇరువురు గదిలోనికి ప్రవేశించియుందురు. చదువునప్పు డది ఎంత సునాయాసముగా నుండునో! ఆ సునాయాసమైన ఆరంభము కొఱకు దాదాపు ఒక సంవత్సరము పట్టెను.

1864వ సంవత్సరము శరత్కాలమున ఒక ప్రమాదము జరిగెను. టాల్‌స్టాయి గుఱ్ఱమెక్కి కుందేటిని తరుముచుండగా గుఱ్ఱము ఒక కందకము కడ తొట్రుపడెను. ఆయన క్రిందపడి కుడిచేయి విఱుగగొట్టుకొనెను. తూలా వైద్యులు వేసిన కట్టు సరిగా కుదురలేదు. ఆ సంవత్సరము చివర మాస్కోకు పోయి, మత్తుమందు తీసికొని, చేతికి మరల చికిత్స చేయించుకొనవలసివచ్చెను. మామగారు వైద్యుడగుటచే వారి యింటనే విడిది. వ్రాయుటకు చేయి లేదు. కథ మాత్రము మనస్సులో నిలువకున్నది. అందుచేత కట్టుకట్టిన చేతిని ఎడమచేత పట్టుకొని గదిలో పచారు చేయుచు, మరదలు తాన్యా చేత వ్రాయించెను. పదునెనిమిదేండ్ల ఆ పడుచు వ్రాయుచుండగా, కొన్ని వాక్యములు గబగబ చెప్పి, ఉన్నట్టుండి నిలిచి, “ఇది బాగులేదు, కొట్టివేయుము” అనుచుండెడివాడు. నవలలోని నటాషాకు ఈ తాన్యాయే చాలవఱకు ఒరవడి. తన పాటలు, తన అలుకలు, తన అల్లరి ఈ కాగితములమీదికి ఎక్కుచున్నవని ఆ బాలిక కొంత ఎఱిగియే యుండెను.

నవలలోని మొదటి భాగములు ‘1805వ సంవత్సరము’ అను పేరుతో ‘రష్యన్ వార్తాహరుడు’ అను మాసపత్రికలో 1865లోను, 1866లోను వెలువడెను. అదే పత్రికలో 1866వ సంవత్సరముననే దొస్తొయెవ్‌స్కీ ‘నేరము–శిక్ష’ కూడ వెలువడుచుండెను. ఆ పత్రిక చందాదారులు తమ చేతిలో ఎట్టి నిధి యున్నదో ఆనాడు ఎఱిగియుండిరో లేదో!

దిద్దుబాటులో పాత్రల జాతకములు ఎట్లు మాఱిపోవునో చెప్పుటకు ఆంద్రే బొల్కోన్‌స్కీ కంటె మంచి ఉదాహరణము లేదు. 1805లో ఆస్టర్లిట్స్ కడ రష్యా సైన్యము ఘోరముగా ఓడిపోయెను. ఆ రణరంగమున తేజస్వియైన యువకు డొకడు మరణించుట కథకు అవసరమయ్యెను. అనగా అతడు చచ్చుటకే పుట్టిన పాత్ర. అటుపిమ్మటి కథకు ఒక వృద్ధ ప్రభువు, ఆయన కుమార్తె కావలసివచ్చిరి. కథతో ఏ సంబంధమును లేనివానిని వర్ణించుట ఎబ్బెట్టుగా నుండునని, ఆ యువకుని ఈ వృద్ధునికి కుమారుని జేసెను. అంతటితో చిక్కు వచ్చినది. తండ్రి, చెల్లెలు, ఇల్లు, వాకిలి ఏర్పడిన తరువాత ఆ యువకునిపై రచయితకు మమకారము కలిగెను. చంపుటకు చేయి రాలేదు. తీవ్రమైన గాయముతో రణరంగమున పడవేసి, ప్రాణము మాత్రము మిగిల్చెను. ఈ సంగతిని టాల్‌స్టాయి 1865లో ఒక బంధువురాలికి జాబు వ్రాయుచు తానే చెప్పెను. ఇట్లు క్షమింపబడిన ఆ యువకుడే, గాయపడి నేలపై వెల్లకిలబడి అనంతమైన ఆకాశమును చూచుచు, నవలలో చదువరులు మఱువలేని ఘట్టమునకు కారకుడయ్యెను. మొదటి ఆలోచనయే నిలిచియున్నచో ఆ ఆకాశము గ్రంథములో ఉండెడిది కాదు.

1866వ సంవత్సరము చివరి నాటికి కథ చిత్తురూపమున కొసముట్టెను. అప్పటి కాయన ఉద్దేశించిన పేరు ‘శుభాంతమైనచో సర్వము శుభమే’ అనునది. షేక్స్పియరు నాటక మొకదానికి ఆ పేరే కలదు. పేరునకు తగినట్లే ఆ చిత్తుప్రతియందు ఆంద్రే మరణింపడు; తాను ప్రేమించిన నటాషాను మిత్రుడైన పియేరునకు విడిచిపెట్టి ఔదార్యము చూపును. నటాషా తమ్ముడు పేత్యా కూడ బ్రదికియే యుండును. పెండ్లిండ్లు జరుగును. అక్కడితో సమాప్తి.

అచ్చునకు పంపినచో ఎవ్వరును కాదనరు. సంసారము పెరుగుచుండెను, డబ్బు అవసరమే. మూడు సంవత్సరముల శ్రమ అప్పటికే ఖర్చైనది. అయినను ఆయన ఆ ముగింపును ఒప్పుకొనలేదు. అంత గొప్ప యుద్ధము ఒక దేశముపై విఱుచుకపడినప్పుడు తాను వలచిన వారందఱు క్షేమముగా ఇల్లు చేరిరని వ్రాయుట అసత్యమని ఆయనకు తోచియుండును. గ్రంథము మరల విప్పబడెను. పేరు మాఱెను. ఆస్టర్లిట్స్ నాడు మిగిల్చిన ఆంద్రే ప్రాణమును బొరొదినో నాటి గాయమునకు అప్పగింపవలసివచ్చెను. పదునారేండ్లైన నిండని పేత్యాను గూడ యుద్ధమునకు బలియిచ్చెను. రచయిత తన పాత్రల నేడిపించుట వినోదము కొఱకని కొందఱు తలతురు. ఆంద్రేను ఒకసారి చేజేతుల కాపాడిన మనుష్యుడు రెండవసారి కాపాడలేకపోవుటను చూచినచో అట్లు తలపరు.

బొరొదినో యుద్ధము ఈ నవలకు గుండెకాయ వంటిది. మాస్కోకు పడమట దాదాపు 120 కిలోమీటర్ల దూరమున 1812వ సంవత్సరమున జరిగిన ఆ యుద్ధములో ఒక్క దినమున వేలకొలది జనులు నేలగూలిరి. టాల్‌స్టాయి పుస్తకములు అనేకము చదివెను. చరిత్రకారుల గ్రంథములు, సైనికుల జ్ఞాపకములు, పాత ఉత్తరములు సేకరించెను. పియేరు పాత్ర కొఱకు మాస్కోలోని రుమ్యాంత్సెవ్ ప్రదర్శనశాలలో కూర్చుండి ఫ్రీమేసనుల వ్రాతప్రతులను గూడ పరిశీలించెను. ఇవి చాలవని తోచి, 1867 సెప్టెంబరు మాసమున, పండ్రెండేండ్ల బావమఱది స్తెపాన్‌ను వెంటబెట్టుకొని, స్వయముగా రణక్షేత్రమునకు బయలుదేఱెను. అచ్చటి స్మారకస్తంభమునకు కావలియున్న ముసలి సైనికుడు యుద్ధమును కన్నులార చూచినవాడు. కాని వీరు పోవుటకు కొన్ని మాసములు ముందే ఆ వృద్ధుడు మరణించెను. ఇట్టి నష్టమునకు దిద్దుబాటు లేదు.

రెండు దినములు ఆ మిట్టపల్లములలో తిరిగిరి. టాల్‌స్టాయి కాగితముపై ఎక్కడెక్కడ ఏ సేన నిలిచెనో గుర్తులు గీసికొనెను. ఆ పటమే తరువాత నవలలో అచ్చయ్యెను. తెల్లవారుజామున మరల మైదానమునకు పోయి సూర్యోదయమును పరిశీలించెను. ప్రొద్దు ఏ దిక్కున పొడుచుచున్నది, అడవుల నీడలు ఎటు పడుచున్నవి, దూరమున ఎంతవఱకు కనబడుచున్నది అని వ్రాసికొనెను. ఉదయపుటెండ ఫ్రెంచివారి కన్నులలో పడుననుటయు గుర్తించెను. ఆ చిన్న విషయము చరిత్రగ్రంథములు చదివినంత మాత్రమున దొరకునది కాదు. అక్కడ నిలిచి కన్నులు చికిలించుకొన్నవానికే దొరకును. అంతవఱకు ఎవ్వరును వ్రాయని విధముగా బొరొదినోను వ్రాసెదనని ఆయన భార్యకు ఉత్సాహముతో జాబు వ్రాసెను.

ఇంతలో మాస్కోలో అచ్చుపని ఆరంభమయ్యెను. ప్రూఫులు చూచు భారమును ప్యోతర్ బర్త్యేన్యెవ్ అను చరిత్రపండితుడు వహించెను. అచ్చుకూర్పు చేసినవారి పాట్లు ఇంతంత గావు. అచ్చొత్తిన ప్రూఫు తప్పులు దిద్దుట కొఱకు రచయితకు పోవును. తిరిగి వచ్చునప్పటికి అది ప్రూఫు కాదు, మరియొక చిత్తుప్రతి. వాక్యములు పోయియుండును, క్రొత్త పేరాలు అంచులలో మొలచియుండును, ఒకచోటి సంభాషణ మరియొకచోట తేలియుండును. సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరి కూర్చు దినములవి. ఒక వాక్యము పెరిగినచో క్రింది పంక్తులన్నియు జరుపవలెను. ఇదే రీతిగా గీకుచున్నచో అచ్చు ఎన్నటికిని ముగియదనియు, దిద్దుబాటు ఖర్చు తడిసి మోపెడగుననియు, ఆ దిద్దుబాట్లలో సగమునకు పైగా అనవసరములే యనియు బర్త్యేన్యెవ్ 1867లో ఘాటుగా ఉత్తరము వ్రాసెను. టాల్‌స్టాయి కోపగింపలేదు, లొంగనూ లేదు. గీకకుండుట తనకు సాధ్యము కాదనియు, ఆ గీకుడు వలన మేలే కలుగునని తనకు దృఢముగా తెలియుననియు, బర్త్యేన్యెవునకు నచ్చిన భాగములే అయిదుసార్లు గీకియుండనిచో మిక్కిలి నాసిగా నుండెడివనియు ప్రత్యుత్తర మిచ్చెను. ముద్రణాలయము వారి బిల్లునకు జంకనని కూడ చెప్పెను.

ఈ వివాదములో న్యాయ మెవరి పక్షమున నున్నదో చెప్పుట సులభము కాదు. గ్రంథము చదువు మనకు టాల్‌స్టాయి పక్షము న్యాయముగా తోచును. ఆనాడు దీపపు వెలుగులో ఆ ప్రూఫులను ముందిడుకొని కూర్చుండినవారికి బర్త్యేన్యెవ్ పక్షమే న్యాయముగా తోచియుండును.

ఆ కాగితములు మాస్కోకు పోవుటకు ముందు మరియొకరి చేతిమీదుగా పోవలసియుండెను. ఆమె టాల్‌స్టాయి భార్య సోఫియా. 1862లో వివాహమగునప్పటికి ఆమెకు పదునెనిమిదేండ్లు, ఆయనకు ముప్పదినాలుగు. ఆమెయు వ్రాయగలది, పెండ్లికి పూర్వము ఒక కథ వ్రాసి, దానిని తానే తగులబెట్టెను. నవల సాగిన ఆ యేండ్లలో నలుగురు బిడ్డలను కనెను: 1863లో సెర్గేయ్, 1864లో తత్యానా, 1866లో ఇల్యా, 1869లో లేవ్. పగలంతయు బిడ్డల పాలు, జ్వరములు, వంటయింటి లెక్కలు, పనివారల తగవులు. రాత్రి బిడ్డలు నిద్రించిన తరువాత కొవ్వొత్తి వెలిగించుకొని, భర్త ఆనాడు వ్రాసిన పుటలను శుద్ధప్రతిగా ఎత్తివ్రాయుటకు కూర్చుండెడిది.

ఆ పుటలను చదువుటయే ఒక విద్య. టాల్‌స్టాయి చేవ్రాత కోడి గీకినట్లుండును. పంక్తుల నడుమ పంక్తులు, మూలలలో వాక్యములు, పుటకు అడ్డముగా, ఏటవాలుగా మఱికొన్ని. కొన్నిచోట్ల తాను వ్రాసినదేమో తనకే తెలియక భార్యను పిలిచి అడిగెడివాడు. ఆమె ఒక్కతెకే ఆ వ్రాతలోని కీలు తెలియును. వ్యాకరణదోషము లేవైన కనబడినచో ఆమె చూపును, ఆయన దిద్దుకొనును. వ్రాయించుకొని అచ్చునకు పంపినచో బాగుగనే యుండును. కాని ఆమె అందముగా ఎత్తివ్రాసిన ప్రతి ఉదయము టాల్‌స్టాయి బల్లపైకి చేరిన వెంటనే మరల చిత్తుప్రతి యగుచుండెను. మన పూర్వులు తాళపత్రములపై గంటముతో ఎత్తివ్రాసిన వ్రాయసకాండ్రు ఎండలో ముంగాళ్ళపై కూర్చుండి నడుము వంగునట్లు శ్రమించిరి. కాని మూలగ్రంథకర్త ప్రతి యుదయము వచ్చి ప్రతిని చెఱపు బాధ వారికి లేదు.

ఆమె నవలనంతయు ఏడుసార్లు ఎత్తివ్రాసెనని లోకములో వాడుక కలదు. ఆద్యంతము ఏడుసార్లని కాక, కొన్ని భాగములు పలుమాఱులు, కొన్ని ఒకటి రెండు మాఱులు అని గ్రహించుట యుక్తము. ఇతర లేఖకులు ఎత్తివ్రాసిన పుటలును ఆ కట్టలలో నున్నవి. లెక్క తగ్గించినంత మాత్రమున ఆమె శ్రమ తగ్గదు. ఆ శ్రమను ఆమె వెట్టిగా భావింపలేదనుటకు సాక్ష్యము కలదు. భర్త నవలను ఎత్తివ్రాయుచున్నప్పుడు క్రొత్త భావములతో కూడిన ఒక లోకములో తాను జీవించుచున్నట్లుండునని 1866లో తన దినచర్యలో వ్రాసికొనెను. ముందుగా చదువక, వ్రాయుచు వ్రాయుచు కథ తెలిసికొనుట ఆమెకు ఇష్టము. అనగా ‘యుద్ధము–శాంతి’కి లోకములో మొట్టమొదటి పాఠకురాలు ఆమెయే. వారి దాంపత్యము తరువాతి కాలమున మిక్కిలి కలతల పాలయ్యెను. ఆ కలతలు చదివినవారు ఈ రాత్రులను గూడ జ్ఞాపకముంచుకొనవలెను.

ఈ దిద్దుబాటు వ్యసనము ‘యుద్ధము–శాంతి’తో ముగియలేదు. 1875 నుండి 1877 వఱకు ‘అన్నా కరేనినా’ అను రెండవ మహానవల పత్రికలో వెలువడుచున్నప్పటి ముచ్చటను కుమారుడు ఇల్యా తన స్మృతులలో వ్రాసెను. పొడవాటి ప్రూఫులు ఇంటికి వచ్చును. మొదట అంచులలో అచ్చుతప్పుల గుర్తులు పడును. తరువాత మాటలు మాఱును, పిమ్మట వాక్యములు. కడకు కాగితము కొన్నిచోట్ల నల్లబడి, అతుకుల బొంతవలె తయారగును. దానిని అట్లే ముద్రణాలయమునకు పంపినచో తల్లి తప్ప మరియెవ్వరును చదువలేరు. కావున ఆమె రాత్రియంతయు మేల్కొని ఎత్తివ్రాయును. తెల్లవాఱునప్పటికి సన్నని దస్తూరితో నిండిన కాగితములు టపాకు సిద్ధముగా దొంతి పెట్టియుండును. తండ్రి వచ్చి, ఒక్కమాఱు చూచి పంపుదునని వానిని తన గదిలోనికి తీసికొనిపోవును. సాయంకాలమున కవి మరల ఎప్పటివలె! ఆయన నొచ్చుకొనుచు, ఇదియే కడపటిసారి, రేపు తప్పక పంపుదమని భార్యను బ్రతిమాలుకొనును. ఆ రేపు ఒక్కొక్కప్పుడు వారములకు, మాసములకు సాగును. కొన్నిసార్లు ప్రూఫులు టపాలో వేసిన మఱునాడు ఏదో ఒక మాట సరిపడలేదని స్ఫురించి, దానిని మార్చుమని మాస్కోకు తంతి కొట్టించును.

‘యుద్ధము–శాంతి’ సంపుటములు 1867 చివర మొదలై, 1869 చివరికి ఆఱు సంపుటములుగా వెలువడెను. మొదటి సంపుటములు అంగళ్ళలో అమ్ముడగుచుండగా కడపటి సంపుటములు ఇంకను ఆయన బల్లమీదనే యుండెను. గ్రంథ మచ్చయినది; జనులు కొనిరి; మెచ్చిరి. ఇక కలము దించవచ్చును గదా! 1873లో క్రొత్త ముద్రణ వచ్చునప్పుడు టాల్‌స్టాయి దానిని మరల దిద్దెను. విమర్శకుడు స్త్రాఖవ్ ఆ పనిలో తోడ్పడెను. ఆఱు సంపుటములు నాలుగయ్యెను. ఆనాటి రష్యా ప్రభువులు ఇంట ఫ్రెంచి మాటలాడెడివారు గనుక నవలయందు ఫ్రెంచి సంభాషణలు విరివిగా నుండెను. నవల మొదటి వాక్యమే ఫ్రెంచి. వాని నన్నిటిని రష్యనులోనికి మార్చెను. చరిత్రను గూర్చి, యుద్ధకారణములను గూర్చి చేసిన తత్త్వచర్చలను కథనుండి ఊడదీసి, గ్రంథాంతమున అనుబంధముగా చేర్చెను.

ఈసారి దిద్దుబాటు గ్రంథమునకు మేలు చేసెనా? నవ్వుచు ఫ్రెంచి మాటలాడుచున్న ప్రభువులే ఫ్రెంచివారి ఫిరంగులకు తమ బిడ్డలను అర్పించుటలోని వైపరీత్యము, భాష మాఱగనే మాసిపోయెను. సులభముగా నుండవలెనని చేసిన మార్పు సారమును కొంత హరించెను. తినునప్పుడు తగులునని గింజలన్నియు తీసివేసిన దానిమ్మపండు వంటి దది. ఏడుసార్లు దిద్దిన చేయియే ఎనిమిదవసారి పొరపడవచ్చునన్నమాట. 1880ల నాటికి భర్త గ్రంథముల ప్రచురణభారము సోఫియాపై పడెను. ఆ వ్యాపారమందలి మెలకువలు తెలిసికొనుటకై ఆమె దొస్తొయెవ్‌స్కీ భార్యయైన అన్నాను కలిసికొని మాటలాడెను. ఆమె 1886లో ప్రకటించిన ముద్రణలలో ఒకదానియందు ఫ్రెంచి సంభాషణలును, తత్త్వచర్చలును తమ తమ తావులకు మరలివచ్చెను. నాలుగు సంపుటముల విభాగము మాత్రము అట్లే నిలిచెను. ఏది రచయిత కడపటి అభిప్రాయము, ఏ పాఠము ప్రమాణము అను విషయమున తరువాతి సంపాదకులు చాలకాలము తర్జనభర్జనలు పడిరి. నేడు సాధారణముగా చదువబడు ప్రతిలో సంపుటముల విభాగము 1873 నాటిది. భాష 1869 నాటిది. రెండు దిద్దుబాట్లకు రాజీ కుదిర్చిన గ్రంథ మది.

ఇక ఆ చిత్తుప్రతుల సంగతి. కొట్టివేసిన పుటలు పొయ్యిలోనికి పోవుట లోకరీతి. సోఫియా వానిని పోనీయలేదు. ఏరి, కట్టలు కట్టి, 1887లో మాస్కోలోని రుమ్యాంత్సెవ్ ప్రదర్శనశాలయందు భద్రపఱచెను. ‘యుద్ధము–శాంతి’కి సంబంధించినవే అయిదువేలకు మించిన పుటలు నేటికిని గలవు. టాల్‌స్టాయి వ్రాతప్రతులను ఇప్పుడు మాస్కోలోని టాల్‌స్టాయి ప్రదర్శనశాలకు చెందిన ‘ఉక్కుగది’ యను పటిష్ఠమైన గదిలో నుంచినారు.

ఆ పుటలలో పేరుకొనిన పొరలను విడదీసి, 1866 చివరి నాటికి నవల ఎట్లుండెనో ఆ మొదటి పూర్తి చిత్తును పునర్నిర్మించు పనిని ఎవెలీనా జైదెన్‌ష్నూర్ అను పండితురాలు దశాబ్దముల తరబడి చేసెను. సోఫియా చదివిన ఆ కోడిగీతలనే ఆమెయు చదువవలసివచ్చెను. సిరా రంగును బట్టి, కాగితమును బట్టి, పుటల సంఖ్యల మార్పును బట్టి ఏది ముందు వ్రాసినదో, ఏది తరువాత చేర్చినదో ఒక్కొక్క పంక్తిగా తేల్చెను. ఆమె కృషి ఫలముగా ఆ చిత్తు 1983లో పండితుల కొఱకు ప్రకటింపబడెను. తరువాత 2000లో సామాన్య పాఠకుల కొఱకు మాస్కోలో పుస్తకముగా వెలువడెను. 2007లో ఇంగ్లీషు అనువాదమును వచ్చెను. అసలు నవలకంటె ఇది పొట్టిది; తత్త్వచర్చ తక్కువ; ఆంద్రే మరణింపడు; పేత్యా ఇల్లు చేరును. ఆ ముగింపే తమకు నచ్చినదని చెప్పు పాఠకులును కలరు. టాల్‌స్టాయి మాత్రము దానిని నూటయేబది యేండ్ల క్రిందటనే కొట్టివేసెను.